మూడు కిలోమీటర్ల లోపు

"ఆ ఉన్ని కోటు కూడా పెట్టెయ్. మళ్ళీ ఎప్పుడొస్తావో ఏమో" అంది చెల్లెలు, కూతురి వైపు చూడకుండా.

మంచం మీద పెట్టె తెరిచి ఉంది. బట్టలు సగం దాకా నిండాయి. పక్కన బడి పుస్తకాలు, ఒక బూట్ల జత. ఆ జతలో కుడికాలిది అరిగి వెలిసింది. ఎడమకాలిది ఇంకా కొత్తగానే ఉంది. ఆరు వారాలుగా దాన్ని తొడిగే పనే పడలేదు.

గుమ్మంలో నిలబడిపోయింది కొలతలమ్మ. చేతిలో ఆఫీసు సంచీ అలాగే ఉంది. శనివారం ఒంటిపూట ఆఫీసు ముగించుకుని, తన వాటా తాళం కూడా తియ్యకుండా, ఎదురు వాటాలో ఉన్న చెల్లెలి ఇంటికి వచ్చింది. పిల్ల కాలికి కట్టు విప్పి నాలుగు రోజులైంది కదా, ఎంతవరకు నడుస్తోందో చూద్దామని.

"ఎక్కడికే ఈ ప్రయాణం?"

చెల్లెలు ఇంకో గౌను తీసి మడత పెట్టింది. జవాబు పిల్లే చెప్పింది.

"నాయనమ్మ దగ్గరికి పెద్దమ్మా. మంగళవారం పొద్దున. అక్కడే చదువుకోవాలట."

పిల్లకు పదకొండేళ్ళు. నిద్రలో తప్ప నోరు మూతపడేది కాదని వాగుడుకాయ అని పేరు పెట్టింది పెద్దమ్మే. ఆ పేరే అందరికీ అలవాటైంది. బడి దగ్గర వ్యాను గుద్ది మడమ విరిగిన దగ్గర్నుంచి మాత్రం అది అడిగితే తప్ప మాట్లాడడం మానేసింది.

"చదువు మధ్యలో బడి మార్చడమేంటి? నాతో ఒక్క మాటైనా అన్నావా?"

"నువ్వు మాతో అనే రాశావా?" అంది చెల్లెలు. కోటును పెట్టెలోకి కుక్కింది. "అక్కడ బడి వీధి చివరే ఉంది. ఎవరూ కొలవక్కర్లేదు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఇరవై రెండేళ్ళుగా ప్రభుత్వ బడుల రవాణా విభాగంలో గుమాస్తా ఆమె. ఇంటి గుమ్మం నుంచి బడి గేటు దాకా, నడిచి వెళ్ళగలిగిన దగ్గరి దారిన మూడు కిలోమీటర్లు, ఆపైన ఉన్న పిల్లలకే బస్సు. ఎవరి ఇల్లు ఎంత దూరమో తేల్చేది ఆమె తోసుకుని వెళ్ళే కొలత చక్రం. అది తోసుకుంటూ సందులన్నీ తిరిగీ తిరిగీ ఆమె అసలు పేరు ఆఫీసు హాజరు పట్టీలో మాత్రమే మిగిలింది. ఊరందరికీ కొలతలమ్మే.

"రూలు నేను పెట్టానా?" అంది. "మన వీధి రెండు వేల తొమ్మిది వందల నలభై మీటర్లు. అరవై తక్కువ పడింది. నా చెల్లెలి కూతురని ఎక్కువ రాస్తే పైవాళ్ళు ఊరుకుంటారా? రేపు పక్కింటివాళ్ళు నా మొహాన్న ఉమ్మరూ?"

"ఎక్కువ రాయమని ఎవరడిగారక్కా నిన్ను?" చెల్లెలు ఇప్పుడు తిరిగి నిలబడింది. రోజంతా కుట్టుమిషను మీద వంగి వంగి ఆమె భుజాలు ముందుకు ఒంగిపోయాయి. "అరవై మీటర్లంటే ఎంతో నీకు తెలుసా? ఒక్క చొక్కా కుడితే అంతకంటే ఎక్కువ దారం పడుతుంది. ఆ పాటి దూరానికి నా పిల్ల కాలు పోగొట్టుకునేది."

"కాలు పోలేదు కదే..."

"పోలేదు. పోలేదు కాబట్టి సంతోషించమంటావా?"

"అమ్మా, వదిలెయ్యమ్మా" అంది వాగుడుకాయ.

ఇద్దరూ వదిలేశారు. చెల్లెలు మడత పెట్టిన బట్టలనే మళ్ళీ విప్పి మడత పెట్టడం మొదలుపెట్టింది. కొలతలమ్మకు కూర్చోవాలనిపించింది. కూర్చోమని ఎవరూ అనలేదు. తన చెల్లెలి ఇంట్లో ఎవరైనా కూర్చోమనాలని ఆమె ఎదురుచూడడం అదే మొదటిసారి.

బస్సు రాదని తేలిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు సాయంత్రం పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి, "పెద్దమ్మా, నాకు బస్సొచ్చిందా?" అంది. "అరవై మీటర్లు తక్కువ పడింది తల్లీ" అని తను చెప్పింది. పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే మన ఇంటిని అందరం కలిసి అరవై మీటర్లు వెనక్కి నెడదామా?" అంది. ఇంటిల్లిపాదీ విరగబడి నవ్వారు. తనూ నవ్వింది. అందరికంటే ఎక్కువగా నవ్వింది. ఎందుకంటే ఆ నవ్వులో తన పని సులువుగా తేలిపోయింది.

"వస్తానే" అంది చివరికి.

"ఊఁ" అంది చెల్లెలు.

*

నడవాలో మరిది ఎదురయ్యాడు. బ్రెడ్డు కార్ఖానాలో తెల్లవారుజామున నాలుగింటికి పని మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఇల్లు చేరే మనిషి. కనుబొమల మీద మైదా పిండి ఇంకా అలాగే ఉంది. ఆయనకు ఆ పని వేళలు కాకపోతే పిల్లను తనే రోజూ బడికి దింపేవాడు.

"వదినా, దాని మాటలు పట్టించుకోకండి. కోపం చల్లారాక అదే వచ్చి మీ దగ్గర కూర్చుంటుంది."

"పిల్లని పంపెయ్యాలనే ఉందా మీ ఇద్దరికీ?"

ఆయన చేతులు దులుపుకున్నాడు. పిండి ఏమీ రాలలేదు. "నాకు లేదు వదినా. కానీ ఆ దారిలో మళ్ళీ పంపే ధైర్యం కూడా లేదు. మడమ గట్టిపడడానికి ఇంకో మూడు నెలలంటున్నాడు డాక్టరు. ఆ మలుపు దగ్గర కుంటుకుంటూ రోడ్డు మీదకి దిగితే, ఈసారి ఇంకేదొస్తుందో."

"ఏ మలుపు?"

"అదే, వ్యాను గుద్దిన చోటు. బడి గోడ పట్టుకుని వెళ్ళి పెద్ద గేటుకి తిరుగుతామే, ఆ మలుపు."

ఆమెకు చప్పున అర్థం కాలేదు. "పెద్ద గేటు దాకా ఎందుకెళ్ళడం? ఇటునుంచి వెళ్తే వెనక గేటు ముందే వస్తుంది కదా?"

"వెనక గేటా? అది ఎప్పుడూ తాళమే కదా వదినా. పిల్లలందరూ గోడ చుట్టి పెద్ద గేటుకే పోతారు" అని, ఆయన బూట్లు విప్పుకోవడానికి వంగాడు.

ఆయనకు తెలియదు, కొలతలమ్మ తన చక్రాన్ని ఆ రోజు ఏ గేటు దగ్గర ఆపిందో. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

పిల్లను గుద్దింది "బడి దగ్గర" అని మాత్రమే ఆమె విన్నది. తిన్నగా ఆసుపత్రికి పరిగెత్తింది. ఆ తర్వాత ఆరు వారాల్లో ఒక్కసారైనా ఆ చోటు చూసి రాలేదు. తీరిక లేకపోయిందని ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకుంది. తీరిక ఉన్న ఆదివారాలు అయిదో ఆరో గడిచిపోయాయి.

*

మర్నాడు ఆదివారం. ఎండ ముదరకముందే ఆమె కొలత చక్రం తీసుకుని బయల్దేరింది.

చక్రాన్ని చెల్లెలి గుమ్మానికి ఆనించి, అంకెల్ని సున్నా దగ్గరికి తిప్పింది. లోపల నుంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ తలుపు తియ్యకముందే మెట్లు దిగిపోయింది.

"ఆదివారం కూడానా మేడమ్?" అన్నాడు సైకిళ్ళ షాపతను, పంపు కొడుతూనే. "సెలవు రోజుకి జీతం రెట్టింపా?"

"లేదయ్యా. పాత పనే" అంది.

బ్యాంకు సందు, మందుల షాపు, నీళ్ళ ట్యాంకు కింద నుంచి అడ్డదారి. వెయ్యి. పదిహేను వందలు. రెండు వేలు. చక్రం టకటకమంటూ నడుస్తోంది. ఈ దారి ఆమెకు కొట్టిన పిండి. రెండు వేల ఎనిమిది వందల దగ్గర బడి గోడ మొదలైంది. రెండు వేల తొమ్మిది వందల నలభై దగ్గర వెనక గేటు.

గేటుకు పిడికిలంత తాళం. తాళానికి తుప్పు. గేటు కమ్మీల మధ్య నుంచి పిచ్చి తీగ ఒకటి అల్లుకుని పై దాకా పాకింది. నిన్నా మొన్నా అల్లుకున్న తీగ కాదు.

ఆమె గేటు మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఎవరదీ?" లోపల్నుంచి వాచ్‌మన్ వచ్చాడు. ముసలాయన. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఓహో, కొలతల మేడమా! ఆ గేటు తియ్యం కదమ్మా. అటు తిరిగి రండి."

"తాతా, ఈ గేటు ఎన్నాళ్ళ నుంచి మూసుంది?"

"నేను చేరిన దగ్గర్నుంచీ మూసే ఉంది. ఏడేళ్ళు."

"నేను కొలిచిన రోజు తీసే ఉంది కదా?"

"ఆ రోజు ఇటుకల లారీ వచ్చింది కదమ్మా, కొత్త గదులకని. లారీ లోపలికి రావాలని తీశాం. సాయంత్రానికి మళ్ళీ తాళమే." ముసలాయన దగ్గరికి వచ్చి కమ్మీలు పట్టుకున్నాడు. మాటలో తప్పు పట్టడం ఏమీ లేదు. జరిగింది జరిగినట్టు చెప్తున్నాడు. "మీకు చెప్పాను కూడానూ. ఇది ఈ ఒక్క రోజే తల్లీ, రేపు మూసేస్తాం అని. మీరు తలూపి రాసుకున్నారు."

కొలతలమ్మ గేటు మీద నుంచి చెయ్యి తీసేసింది.

చెప్పాడు. నిజమే, చెప్పాడు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం. మెడ మీద చెమట కారుతోంది. అంతకు ముందు రోజే ఆఫీసులో పక్క బల్లల వాళ్ళు ఇద్దరు, ఆమె వింటోందని తెలిసే, గొంతు తగ్గించకుండా మాట్లాడుకున్నారు. "ఈసారి ఆవిడ సొంత వీధేనట. చూద్దాం, చక్రం ఎంత తిరుగుతుందో." ఆ మాట ఆమెకు రాత్రంతా ముల్లులా గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళు నిప్పులాంటి మనిషనిపించుకుని, ఇప్పుడు చెల్లెలి కోసం చక్రం తిప్పిందనిపించుకోవాలా?

వెనక గేటు తీసి ఉంది. అక్కడితో ఆపితే అరవై తక్కువ. ఇంకో నాలుగడుగులు వేస్తే మూడు వేలు దాటుతుంది. దాటితే నోళ్ళు లేస్తాయి. వాచ్‌మన్ మాట చెవిన పడింది. పడినా, పడనట్టు రాసింది.

బడి గేటంటే పిల్లలు లోపలికి వెళ్ళడానికి రోజూ తెరిచి ఉండే గేటు అని రూలులో స్పష్టంగా ఉంది. ఆ రూలు కాగితం ఆమె కళ్ళు మూసుకుని ఒప్పచెప్పగలదు.

"ఒంట్లో బాలేదా తల్లీ? మంచినీళ్ళు తెమ్మంటారా?"

"వద్దు తాతా."

చక్రాన్ని ముందుకు తోసింది. గోడ వెంబడి. ఇక్కణ్ణుంచి కాలిబాట లేదు. గోడకూ రోడ్డుకూ మధ్య మనిషి ఒకరు పక్కకి తిరిగి నిలబడేంత మట్టి మాత్రమే ఉంది. ఆదివారమైనా సరే, లారీలు దూసుకుపోతున్నాయి. ఒక లారీ వచ్చినప్పుడు ఆమె వీపు గోడకు ఆనించి ఊపిరి బిగబట్టి నిలబడింది. యాభై దాటిన తనకే ఆ లారీ గాలికి నిలదొక్కుకోవడం కష్టమైంది. వీపున పుస్తకాల సంచీతో, పదకొండేళ్ళ పిల్ల ఇక్కడ ఎలా నిలబడేది?

మలుపు వచ్చింది. అక్కడ చూడడానికి ఏమీ లేదు. ఆరు వారాల్లో అన్నీ చెరిగిపోయాయి. అంకె మాత్రం చూసుకుంది. మూడు వేల నూట ఎనభై.

తను కొలవకుండా వదిలేసిన దారిలోనే పిల్ల పడింది.

పెద్ద గేటు దగ్గర చక్రం ఆపింది. మూడు వేల మూడు వందల పది. జేబుపుస్తకం తీసి ఆ అంకె రాసుకుంది. గేటు పక్క సిమెంటు దిమ్మ మీద కూలబడి, దారినపోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది.

వీధిలో ఆ రోజు బస్సు రాదని తను రాసింది ఒక్క వాగుడుకాయకే కాదు. పదిహేడు మంది పిల్లలకి.

*

సోమవారం పొద్దున ఆఫీసరు బల్ల మీద ఆమె పెట్టిన కాగితం ఒక్క పేజీయే. వెనక గేటు సంగతి, కొత్త కొలత, కింద సంతకం. "నాకు తెలిసే జరిగింది" అన్న వాక్యం దగ్గర మాత్రం రెండుసార్లు కొట్టివేసి మూడోసారి రాసింది.

ఆఫీసరు చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కటువైన మనిషి కాదు. పిల్లకు దెబ్బ తగిలినప్పుడు ఆసుపత్రికి వచ్చి పలకరించి వెళ్ళాడు.

"కూర్చోండి మేడమ్. తలుపు దగ్గరగా వెయ్యండి."

వేసింది. కూర్చుంది.

"ఈ కాగితం నేను తీసుకుంటే ఏమవుతుందో తెలుసా మీకు?"

"నన్ను సస్పెండ్ చేస్తారు."

"అది మొదటిది. తర్వాత, పదిహేడు సీట్లు కావాలి. ఆ రూట్లో బస్సు ఇప్పటికే కిటకిటలాడుతోంది. ఇంకో బస్సు అడగాలి. అడిగితే, మిగతా కొలతలన్నీ మళ్ళీ తీయమంటారు. ఇరవై రెండేళ్ళ మీ కొలతలన్నీ. మీరు నిజాయితీగా కొలిచినవి కూడా అనుమానంలో పడతాయి."

"పడనివ్వండి సార్."

"ఉద్రేకపడకండి." ఆయన సొరుగు లాగి ఒక చిన్న పచ్చ కార్డు తీశాడు. "గాయపడిన పిల్లలకి డాక్టరు చీటీ ఉంటే తాత్కాలిక పాసు ఇవ్వొచ్చు. దూరంతో పని లేదు. మీరు అడగలేదు. నాకూ తట్టలేదు, తప్పు నాదే. మీ చెల్లెలి అమ్మాయికి ఈ సంవత్సరమంతా బస్సు. రేపటి నుంచే. ఇంటి ముందే ఎక్కించుకుంటారు."

ఆమె ఆ కార్డు వైపు చూసింది. ఆయన మాట్లాడుతూనే దాని మీద పిల్ల పేరు రాసేశాడు.

"మిగతా పదహారు మంది?"

"వచ్చే సంవత్సరం కొత్త బస్సుకి రాస్తాను. మాటిస్తున్నాను. అప్పుడు మళ్ళీ కొలవండి, సరిగ్గా కొలవండి. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు."

"అప్పటిదాకా?"

"ఇన్నాళ్ళూ నడిచారు కదా మేడమ్."

ఆయన ఆ మాట మంచిగానే అన్నాడు. అదే ఆమెకు భరించలేనిదిగా ఉంది. బల్ల మీద పక్కపక్కన రెండు కాగితాలు. తను రాసిన పేజీ, ఆయన రాసిన కార్డు.

రేపు పొద్దున పిల్ల ప్రయాణం. మంచం మీద బట్టలు నింపిన పెట్టె. నాయనమ్మ ఊరు ఒక పూట ప్రయాణం.

ఆమె కార్డు తీసుకుంది. ఆఫీసరు ఆమె కాగితాన్ని మడిచి వెనక్కి ఇచ్చాడు. "దీన్ని ఇంటికెళ్ళి చింపెయ్యండి" అన్నాడు. రిజిస్టరులో కార్డు ముట్టినట్టు సంతకం పెట్టింది. ఆ సంతకం మాత్రం ఒక్క కొట్టివేత కూడా లేకుండా సాఫీగా పడింది.

*

సాయంత్రం చెల్లెలు పాసును రెండు చేతులతో పట్టుకుని వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి చదివింది.

"ఇది నిజంగా మనదేనా? రేపటి నుంచే?"

"రేపటి నుంచే. ఏడున్నరకి కింద ఉంటే చాలు."

"ఒసేయ్, లే! పెట్టె ఖాళీ చెయ్యి!" చెల్లెలు అరిచిన అరుపుకు లోపల్నుంచి మరిది నిద్రకళ్ళతో వచ్చేశాడు. వాగుడుకాయ ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి పాసు లాక్కుని, "నా ఫోటో ఏదీ? ఫోటో అంటించాలిగా? చిన్నప్పటిది అంటించకండి, అందులో నా పళ్ళు ఊడిపోయి ఉంటాయి. కిటికీ పక్కన కూర్చోనిస్తారా? డ్రైవరు బాబాయి పాటలు పెడతాడట, నిజమేనా పెద్దమ్మా?" అంటూ ఒకటే వాగుడు. ఆరు వారాల మాటలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి.

కొలతలమ్మ నవ్వబోయింది. పెదవులు కదిలాయి కానీ నవ్వు రాలేదు.

మరిది పిల్లను లోపలికి తీసుకెళ్ళాడు, పెట్టె దించడానికి. అక్కాచెల్లెళ్ళు ఇద్దరే మిగిలారు. చెల్లెలు కుర్చీ లాగింది. "కూర్చోక్కా."

కూర్చుంది.

చెల్లెలు ఎదురుగా కింద చతికిలబడి ఆమె మోకాళ్ళ మీద చేతులు వేసింది. చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిని వచ్చి అలాగే కూర్చునేది.

"అక్కా, మాట తూలాను. ఆరు వారాలు నీతో సరిగ్గా మాట్లాడలేదు. నువ్వేం చేస్తావు పాపం? ఉన్నది ఉన్నట్టు కొలిచావు. పిల్లకి దెబ్బ తగిలేసరికి ఎవర్ని తిట్టాలో తెలియక నిన్ను తిట్టాను. మనసులో పెట్టుకోకు. నీ కొలత తప్పు కాదని నాకెప్పుడూ తెలుసు."

కొలతలమ్మ ఆ చేతులకేసి చూసింది. సూది గుచ్చుకుని గుచ్చుకుని వేళ్ళ కొసలు గరుకుతేలిన చేతులు.

తిట్టినా బాగుండేది. ఆ తిట్లతోనే ఇంకో పదేళ్ళు బతికేసేది. ఈ క్షమాపణ మాత్రం ఆమె తీసుకోలేకపోయింది.

"తప్పేనే" అంది.

"ఏంటి?"

"నా కొలత తప్పే. నేను వెనక గేటు దగ్గర ఆపాను. అది మూసి ఉండే గేటు. నిన్న వెళ్ళి పెద్ద గేటు దాకా కొలిస్తే మూడు వేల మూడు వందల పది. మన వీధికి మొదట్నుంచీ బస్సు రావాలి."

చెల్లెలి ముఖంలో ఇంకా నవ్వు ఉంది. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "పొరపాటు పడ్డావా? ఆ రోజు తీసి ఉందనుకున్నావా?"

ఒప్పుకుంటే అయిపోయేది. చెల్లెలే దారి చూపించింది. అవునంటే చాలు.

"తీసే ఉంది. లారీ కోసం ఆ ఒక్క రోజే తీశారు. వాచ్‌మన్ చెప్పాడు నాకు."

"ఎప్పుడు చెప్పాడు? నిన్నా?"

"అప్పుడే."

చెల్లెలి చేతులు మోకాళ్ళ మీద అలాగే ఉన్నాయి. బరువు మాత్రం పోయింది.

"అతను చెప్పింది నీకు వినపడిందా?"

"విన్నాను."

లోపలి గదిలో వాగుడుకాయ నవ్వుతోంది. వాళ్ళ నాన్న ఏదో అంటున్నాడు.

చెల్లెలు చేతులు తీసేసింది. లేచి నిలబడింది. కొలతలమ్మ అరుపు కోసం ఎదురుచూసింది. అరుపు రాలేదు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

"ఎందుకక్కా?"

"ఆఫీసులో నన్ను ఏమంటారోనని."

"ఆఫీసులో" అంది చెల్లెలు. ఆ మాటను పళ్ళ మధ్య పెట్టుకుని కొరికినట్టు అంది. తర్వాత పాసు ఉన్న వైపు చూసింది. "మరి ఇది ఎలా వచ్చింది?"

చెప్పింది. డాక్టరు చీటీ, మిగతా పదహారు మంది పిల్లలు, వచ్చే సంవత్సరం, కొత్త బస్సు. మడిచిన కాగితాన్ని సంచీలో నుంచి తీసి చూపించింది. చెల్లెలు దాన్ని అందుకోలేదు.

"అంటే నా పిల్ల బస్సెక్కుతుంది. మిగతా పదహారు మంది కిటికీ కింద నుంచి నడుచుకుంటూ పోతారు. అదే మలుపు. అదే రోడ్డు."

"పిల్ల రేపు వెళ్ళిపోతోందని తీసుకున్నానే. దాన్ని పంపలేక..."

"నా కూతురి మీద పెట్టకు!" ఇప్పుడు అరిచింది. లోపల నవ్వు ఆగిపోయింది. చెల్లెలు గొంతు తగ్గించింది. తగ్గించిన గొంతు ఇంకా భయం పుట్టించింది. "అప్పుడు దానికి బస్సు రాకుండా చేసింది నీ పరువు కోసం. ఇప్పుడు తెచ్చింది నీ మనసు కోసం. మధ్యలో దాని కాలు విరిగింది."

కొలతలమ్మ తల దించుకుంది.

"లే."

"ఎక్కడికి?"

"నాకు చెప్పావు కదా. చెప్పి నీ బరువు దించుకున్నావు. నేను మోస్తాను, చెల్లెల్ని కాబట్టి. ఆ పదహారు మంది పిల్లల ఇళ్ళవాళ్ళు నీకేమవుతారు? వాళ్ళకెవరు చెప్తారు? వెళ్ళు. ఒక్కో తలుపూ కొట్టి, నాతో అన్న ఇదే మాట వాళ్ళతో అను. విన్నాను, విని కూడా రాశాను అని చెప్పు."

"చెప్తే రేపు ఆఫీసు..."

చెల్లెలు ఆమె వైపు చూసిన చూపుకు ఆ వాక్యం సగంలోనే ఆగిపోయింది.

"మరి పిల్ల?" అంది కొలతలమ్మ. "ఉంటుందా? వెళ్తుందా?"

"ముందు నువ్వు వెళ్ళిరా. తర్వాత చూస్తాను" అంది చెల్లెలు. వెళ్ళి తలుపు తెరిచి పట్టుకుంది.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి వాగుడుకాయ గొంతు వినపడింది. "అమ్మా, పెద్దమ్మ ఎక్కడికెళ్తోంది?" జవాబు వినపడకముందే ఆమె వీధిలోకి వచ్చేసింది.

ఇంకా పొద్దు ఉంది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళ దాటి, ఆటలు మొదలయ్యే వేళ. వీధిలో మొదటి ఇల్లు మంగలి షాపు పైన ఉన్న గది. అక్కడ ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, ఆరేళ్ళది ఒకటి, తొమ్మిదేళ్ళది ఒకటి. వ్యాను గుద్దిన రోజు వాగుడుకాయ సంచీ ఇంటికి తెచ్చిచ్చింది ఆ తొమ్మిదేళ్ళదే. బస్సు రాదని తను రాసిన జాబితాలో వాళ్ళవి నాలుగో పేరు, అయిదో పేరు.

తలుపు కొట్టింది. చేతిలో మడిచిన కాగితం చెమటకు తడిసిపోతోంది.

తలుపు తీసింది ఆ పిల్లల తల్లి. చేతుల నిండా సబ్బు నురుగు. కొలతలమ్మను చూసి ముఖం విప్పారింది.

"రండి మేడమ్, రండి. మీ పాపకి కాలు ఎలా ఉంది? రోజూ అడుగుతున్నారు మా పిల్లలు. పాపం మీకే అలా అయ్యిందంటే..." అని, లోపలికి తిరిగి, "ఒసేయ్, ఆ కుర్చీ మీద బట్టలు తియ్యండి, మేడమ్ గారొచ్చారు" అని కేకేసింది.

"కూర్చోనమ్మా" అంది కొలతలమ్మ. "మీతో ఒక మాట చెప్పాలి. చెప్పాక కూర్చోమంటారో లేదో మీ ఇష్టం."

ఆవిడ చేతుల మీది నురుగు నేల మీదకు జారుతోంది. లోపల్నుంచి ఇద్దరు పిల్లలూ పరిగెత్తుకొచ్చి తల్లికి చెరో పక్కన నిలబడ్డారు. చిన్నది పెద్దమనిషిలా నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది:

"మాకు బస్సొచ్చిందా?"